ఓడిన యంత్రాల చరిత్ర: అరుదైన వీడియో గేమ్ కన్సోళ్లు, వాటి సేకరణ

టెలివిజన్‌కు తగిలించి ఆటలాడుకునేందుకు ప్రత్యేకంగా తయారైన కంప్యూటర్‌ను వీడియో గేమ్ కన్సోల్ అంటారు. 1972లో మొదటి కన్సోల్ అమెరికా దుకాణాల్లోకి వచ్చింది మొదలు ఈ అర్ధశతాబ్దంలో వందలాది నమూనాలు పుట్టుకొచ్చాయి. వాటిలో అటారీ 2600, నింటెండో ఫ్యామికామ్, సోనీ ప్లేస్టేషన్ వంటి కొన్ని దేశదేశాల ఇళ్లలోకి చేరి ఒక్కో తరం బాల్యంలో భాగమైపోయాయి. మిగిలినవాటిలో అధికభాగం ఏడాదో రెండేళ్లో అంగడిలో నిలిచి, ధర తగ్గించినా కొనేవారు లేక, చివరకు తయారుచేసిన సంస్థలే మరిచిపోయిన స్థితికి చేరాయి. ఈనాడు సేకర్తలు ఏళ్ల తరబడి వెతికి, పెద్ద మొత్తాలు వెచ్చించి సంపాదించుకునేది ఎక్కువగా ఈ రెండో కోవకు చెందినవాటినే. అందువల్ల కన్సోళ్ల సేకరణ చరిత్ర చాలావరకు వ్యాపారంలో ఓడిపోయిన యంత్రాల చరిత్రగానే సాగింది.

ఒక కన్సోల్ అరుదైనదిగా మారడానికి అది తక్కువ సంఖ్యలో తయారు కావడం ఒక్కటే కారణం కాదు. విపణిలో ఓడిపోయి ఉత్పత్తి ఆగిపోవడం, ఒక దేశానికే పరిమితమై సరిహద్దు దాటలేకపోవడం, లోపలి భాగాలు కాలక్రమంలో చెడిపోవడం, చవకబారు వస్తువన్న భావంతో ఎవరూ దాచిపెట్టకపోవడం అనే నాలుగు కారణాలు విడివిడిగానో కలసికట్టుగానో పనిచేసి ఒక సాధారణ గృహోపకరణాన్ని దొరకని వస్తువుగా మారుస్తాయి. ఈ నాలుగింటినీ గమనిస్తే సేకర్తల ధరల వెనుక ఉన్న తర్కం, దానితోపాటు ఆ తర్కం పట్టించుకోకుండా వదిలేసినవి కూడా స్పష్టమవుతాయి.

తొలి కన్సోల్ అయిన మ్యాగ్నవాక్స్ ఒడిస్సీ జర్మనీ నుంచి అమెరికాకు వలస వచ్చిన రాల్ఫ్ బేర్ అనే ఇంజినీరు ఆలోచన నుంచి పుట్టింది. రక్షణ రంగానికి ఎలక్ట్రానిక్ పరికరాలు తయారుచేసే శాండర్స్ అసోసియేట్స్ అనే సంస్థలో పనిచేస్తూ ఆయన 1966లో ఈ ఆలోచనకు రూపమిచ్చి, సహచరులతో కలిసి 1968 నాటికి ‘బ్రౌన్ బాక్స్’ అనే నమూనాను సిద్ధం చేశాడు. అది ఇప్పుడు అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు చెందిన జాతీయ చరిత్ర మ్యూజియంలో ఉంది. దీని ఆధారంగా 1972లో సుమారు 100 డాలర్ల ధరకు అమ్మకానికి వచ్చిన ఒడిస్సీలో నేటి అర్థంలో ప్రాసెసర్ గానీ, జ్ఞాపకశక్తి చిప్పు గానీ లేవు. ట్రాన్సిస్టర్లు, డయోడ్లతో అల్లిన సర్క్యూట్లు తెరమీద కొన్ని తెల్లని చతురస్రాలను, ఒక నిలువు గీతను మాత్రమే చూపగలిగేవి. రంగులు, శబ్దం, స్కోరు లెక్క ఏవీ లేకపోవడంతో, ఆ లోటు తీర్చడానికి టెలివిజన్ తెరమీద అంటించుకునే పారదర్శకమైన రంగుల షీట్లను, పాచికలను, చీట్లను, ఉత్తుత్తి కరెన్సీ నోట్లను పెట్టెలో కలిపి ఇచ్చేవారు.

ఒడిస్సీ 1975లో ఉత్పత్తి ఆగేనాటికి సుమారు 3,50,000 వరకు అమ్ముడుపోయింది కాబట్టి యంత్రం దొరకడం అంత కష్టం కాదు, పూర్తి సామగ్రితో దొరకడమే కష్టం. పాచికలు పోయాయి, నోట్లు చిరిగాయి, తెరకు అంటించి పీకిన షీట్లు ముడతలు పడ్డాయి. సేకర్తల వాడుకలో ఈ తేడాకు స్థిరమైన మాటలున్నాయి. యంత్రం ఒక్కటే ఉంటే ‘లూజు’ అనీ, అట్టపెట్టె, సూచనల పుస్తకం, తీగలు, లోపలి థర్మకోల్ అచ్చుతో సహా ఉంటే ‘కంప్లీట్’ అనీ, కర్మాగారంలో వేసిన ప్లాస్టిక్ పొర విప్పకుండా ఉంటే ‘సీల్డ్’ అనీ అంటారు. అదే యంత్రం ఈ మూడు స్థితుల్లో మూడు వేర్వేరు ధరలు పలుకుతుంది, అంటే వాడినవారి చేతుల్లో ముందుగా పోయే కాగితం, అట్ట వంటివే సేకరణలో అన్నిటికన్నా విలువైన భాగాలవుతాయి.

సేకరించడానికి యంత్రంతోపాటు ఆటల గ్రంథాలయం కూడా ఏర్పడింది 1976 నవంబరులో వచ్చిన ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్‌తోనే. ఒడిస్సీతో ఇచ్చిన కార్డుల్లో ఆట ఉండేది కాదు, అవి లోపలి సర్క్యూట్లను ఒక్కో విధంగా కలిపే తీగల అమరికలు మాత్రమే. ఛానల్ ఎఫ్‌లో మాత్రం ఆట తాలూకు ప్రోగ్రాం మొత్తం ఒక రోమ్ చిప్పులో, అంటే రాసింది చెరగకుండా నిలిచే చిప్పులో ఉండి, ఆ చిప్పు ఒక ప్లాస్టిక్ డబ్బాలో అమరి ఉండేది. కార్ట్రిడ్జ్ అనే ఈ డబ్బా భావన ఆల్పెక్స్ అనే చిన్న సంస్థలో మొదలై, ఫెయిర్‌చైల్డ్‌లో జెర్రీ లాసన్ అనే నల్లజాతి ఇంజినీరు నాయకత్వంలో పదేపదే పెట్టి తీసినా అరగని వస్తువుగా తయారైంది. తర్వాతి సంవత్సరమే వచ్చిన అటారీ 2600 ఇదే పద్ధతితో ఛానల్ ఎఫ్‌ను పక్కకు నెట్టేసింది. 1977 జనవరిలో వచ్చిన ఆర్‌సీఏ స్టూడియో 2 పరిస్థితి మరీ అధ్వానం. రంగుల యుగంలో నలుపు తెలుపు బొమ్మలతో, చేతితో పట్టుకునే జాయ్‌స్టిక్‌కు బదులు యంత్రానికే బిగించిన అంకెల మీటలతో వచ్చిన ఆ కన్సోల్ 1978 నాటికే ముగిసిపోయింది. దానికి ఆటలు రాసినవారిలో ఒకరైన జాయిస్ వైస్‌బెకర్ వాణిజ్య వీడియో గేములు రూపొందించిన తొలి మహిళగా చరిత్రకారుల గుర్తింపు పొందింది. ఆ యంత్రాలను, కార్ట్రిడ్జ్‌లను ఎవరూ దాచి ఉండకపోతే ఆ గుర్తింపునకు ఆధారం కాగితాలమీద మాత్రమే మిగిలేది.

ఇదే కాలంలో జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ సంస్థ 1976లో విడుదల చేసిన ఏవై-3-8500 అనే చిప్పు బంతీబ్యాటు ఆటలన్నింటినీ ఒకే ముక్కలో ఇమిడ్చి, ఎవరైనా కొని డబ్బా కట్టి అమ్ముకునే వీలు కల్పించడంతో ప్రపంచమంతటా వందలాది పేర్లతో ఒకేరకం కన్సోళ్లు వెలువడ్డాయి. సోవియట్ యూనియన్‌లో ‘తుర్నీర్’ పేరుతోనూ, తూర్పు జర్మనీలో ‘బీఎస్‌ఎస్ 01’ పేరుతోనూ తయారైనవి కూడా ఈ కుటుంబానివే. లోపలి ఆట ఒక్కటే అయినా, వాటి పెట్టెలు, మీటలు, ముద్రించిన భాష ఆయా దేశాల పారిశ్రామిక చరిత్రకు సాక్ష్యాలు కాబట్టి, కేవలం ఈ ఒక్క చిప్పు మీద నడిచే యంత్రాలనే సేకరించేవారు ఉన్నారు. తూర్పు జర్మనీ యంత్రాన్ని ఫ్రాంక్‌ఫర్ట్ (ఓడర్) లోని ప్రభుత్వ సెమీకండక్టర్ కర్మాగారం తయారుచేసింది. ఆ దేశమే 1990లో అంతరించిపోవడంతో ఆ వస్తువు అరుదుకు రాజకీయ కారణం కూడా తోడైంది.

సేకరణ చరిత్రలో 1983 ఒక మలుపు. అంతకు ముందు రెండేళ్లలో లెక్కకు మించిన కన్సోళ్లు, నాసిరకం ఆటలు అమెరికా దుకాణాలను నింపేశాయి. అమ్ముడుపోని సరుకును అయినకాడికి తెగనమ్మడంతో 1983లో సుమారు 320 కోట్ల డాలర్లుగా ఉన్న అక్కడి వీడియో గేముల విపణి 1985 నాటికి దాదాపు 10 కోట్ల డాలర్లకు పడిపోయింది. 1983 సెప్టెంబరులో అటారీ సంస్థ తన మిగులు సరుకును న్యూ మెక్సికో రాష్ట్రంలోని అలమొగోర్డో చెత్తకుప్పలో పూడ్చిపెట్టింది. 2014 ఏప్రిల్‌లో అక్కడ తవ్వకం జరిపినప్పుడు సుమారు 1,300 కార్ట్రిడ్జ్‌లు బయటపడ్డాయి. వాటిలో ఉన్న ‘ఇ.టి.’ ఆట నిజానికి లక్షల సంఖ్యలో తయారై, ఈనాటికీ కారుచౌకగా దొరికేదే. కానీ ఆ మట్టిలోంచి తీసిన ప్రతులను పట్టణ పాలక సంస్థ ధ్రువపత్రంతో వేలం వేసినప్పుడు మొత్తం అమ్మకం లక్ష డాలర్లు దాటింది. ఒక వస్తువు ఎక్కడినుంచి ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్న వంశావళి దాని అసలు సంఖ్యను మించిన విలువ తెచ్చిపెట్టగలదని శిల్పాలు, తాళపత్రాల విషయంలో ఎప్పుడో స్థిరపడిన సూత్రం వీడియో గేములకూ వర్తించిన సందర్భమిది.

ఆ పతనంలో కొట్టుకుపోయినవాటిలో వెక్ట్రెక్స్ సాంకేతికంగా అన్నిటికన్నా విశిష్టమైనది. సాధారణ టెలివిజన్ తన తెరను వందలాది అడ్డగీతలుగా విభజించి, పైనుంచి కిందికి వరుసగా నింపుతూ బొమ్మ చూపుతుంది. వెక్ట్రెక్స్ ఆ పద్ధతిని వదిలి, ఎలక్ట్రాన్ కిరణాన్ని నేరుగా బొమ్మ రేఖల వెంబడి నడిపించేది. దీనిని వెక్టర్ పద్ధతి అంటారు. ఇందులో గీతలు ఏ వాలులో ఉన్నా మెట్లుమెట్లుగా విరగకుండా సన్నగా, మెరుస్తూ కనిపిస్తాయి. ఇళ్లలోని టెలివిజన్లు ఈ పని చేయలేవు కాబట్టి 9 అంగుళాల నిలువు పిక్చర్ ట్యూబును యంత్రంలోనే అమర్చారు. జే స్మిత్‌కు చెందిన వెస్టర్న్ టెక్నాలజీస్ రూపొందించగా, జీసీఈ సంస్థ 1982 చివరలో దీన్ని 199 డాలర్లకు అమ్మకానికి తెచ్చింది. తర్వాత ఆ సంస్థను మిల్టన్ బ్రాడ్లీ కొనడం, వెంటనే విపణి కూలడం, 1984లో ఉత్పత్తి నిలిచిపోవడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. తెర నలుపు తెలుపుదే కావడంతో ప్రతి ఆటకూ ఒక రంగుల ప్లాస్టిక్ షీటు ఇచ్చేవారు. పదేళ్ల కిందటి ఒడిస్సీ ఉపాయమే మళ్లీ అక్కరకు వచ్చిందన్నమాట. హక్కులు తిరిగి స్మిత్ సంస్థకు చేరాక, లాభాపేక్ష లేకుండా ఆటలను నకలు చేసుకోవడానికి, కొత్తవి రాసుకోవడానికి ఆ సంస్థ 1990లలో అనుమతినిచ్చింది. ఔత్సాహికులు నేటికీ ఆ యంత్రానికి కొత్త ఆటలు తయారుచేయడానికి ఇదొక ముఖ్య కారణం.

ఓడిపోయిన యంత్రంతోపాటు అందులోని ఆలోచన కూడా చచ్చిపోతుందనుకోవడం సరికాదని అదే 1982లో ఎంటెక్స్ సంస్థ తెచ్చిన అడ్వెంచర్ విజన్ తెలియజేస్తుంది. అందులో తెర అంటూ లేదు. 40 ఎర్రని ఎల్‌ఈడీ దీపాలను నిలువు వరుసలో పేర్చి, వాటి ఎదుట గిరగిర తిరిగే అద్దాన్ని ఉంచడంతో, ఆ ఒక్క వరుస వెలుగే వేగంగా పక్కకు జరుగుతూ పూర్తి బొమ్మగా కంటికి తోచేది. నాలుగే నాలుగు ఆటలతో ముగిసిపోయిన ఆ యంత్రం ఇప్పుడు పనిచేసే స్థితిలో దొరకడం చాలా కష్టం. పదమూడేళ్ల తర్వాత, 1995 జులైలో నింటెండో విడుదల చేసిన వర్చువల్ బాయ్ ఇదే సూత్రాన్ని మరింత సూక్ష్మంగా వాడుకుంది. ఒక్కో కంటికి 224 ఎర్రని ఎల్‌ఈడీల వరుసను, ముందుకూ వెనక్కూ ఊగే అద్దాన్ని అమర్చి, రెండు కళ్లకు స్వల్ప భేదంతో బొమ్మలు చూపి లోతు భ్రమ కలిగించింది. గేమ్ బాయ్‌తో ఖ్యాతి పొందిన గుంపే యోకోయ్ దీని రూపకర్త. బల్లమీద పెట్టి వంగి చూడవలసిన ఈ యంత్రం ఎరుపు, నలుపు తప్ప మరో రంగు చూపకపోవడంతోపాటు మెడకు, కళ్లకు శ్రమ కలిగించి, ఏడాది తిరగకుండానే విఫలమైంది. సుమారు 7,70,000 యంత్రాలు అమ్ముడుపోగా వెలువడిన ఆటలు మొత్తం 22 మాత్రమే. ఇన్ని తక్కువ ఆటలుండడం సేకర్తలను ఆకర్షించే గుణంగా మారింది. ఒక కన్సోల్ ఆటలన్నీ సంపాదించి ‘పూర్తి సెట్టు’ కట్టాలన్న కోరిక వేలాది ఆటలున్న ప్లేస్టేషన్ విషయంలో అసాధ్యం, వర్చువల్ బాయ్ విషయంలో ఖరీదైనదే అయినా సాధ్యం.

1990ల మధ్యభాగం జపాన్‌లో ఇలాంటి ప్రయోగాలకు ఆలవాలమైంది. కాంపాక్ట్ డిస్కు చవక కావడంతో వినోద ఎలక్ట్రానిక్స్ సంస్థలు చాలా ఈ రంగంలోకి దిగాయి. పయనీర్ సంస్థ 1993లో తెచ్చిన లేజర్‌యాక్టివ్ సినిమాల లేజర్‌డిస్కులను ఆడిస్తూనే, విడిగా కొన్న అదనపు విభాగాలను జొనిపితే సెగా, ఎన్‌ఈసీ కన్సోళ్ల ఆటలను కూడా నడిపేది. అయితే అమెరికాలో యంత్రం ధర 970 డాలర్లు, ఒక్కో విభాగం మరో 600 డాలర్ల దాకా ఉండడంతో కొన్నవారు కొద్దిమందే. కాసియో సంస్థ 1995 అక్టోబరులో బాలికలను దృష్టిలో పెట్టుకుని జపాన్‌లో మాత్రమే విడుదల చేసిన లూపీలో, తెరమీది బొమ్మను రంగుల స్టిక్కరుగా అచ్చువేసే ప్రింటరు అమరి ఉండేది. దానికి వచ్చిన ఆటలు 10. ఆపిల్ రూపకల్పన చేయగా బండాయ్ సంస్థ తయారుచేసిన పిప్పిన్ 1996లో మోడెమ్‌తో, ఇంటర్నెట్ ఆశలతో వచ్చి, సుమారు 42,000 మాత్రమే అమ్ముడై మరుసటి ఏడాదికే ఆగిపోయింది. వీటిలో ఏదీ యంత్రంగా నాసిరకం కాదు. ధరో, లక్ష్యమో, కాలమో కుదరకపోవడమే వాటి వైఫల్యానికి కారణం కనుక, అవి ఒక పరిశ్రమ తన భవిష్యత్తును ఎన్నివిధాలుగా ఊహించుకుందో తెలిపే ఆధారాలుగా నిలుస్తాయి.

వస్తువు చేతికందినా ఆట అందకపోయే స్థితికి శాటిలావ్యూ తొలి పెద్ద ఉదాహరణ. నింటెండో తన సూపర్ ఫ్యామికామ్ కన్సోల్ కింద అమర్చుకునేలా 1995లో తెచ్చిన ఈ పరికరానికి సెయింట్ గిగా అనే ఉపగ్రహ రేడియో సంస్థ ఆటలను ప్రసారం చేసేది. కొన్ని ఆటలకు ఉపగ్రహం నుంచి అదే సమయంలో నటీనటుల గొంతులు, సంగీతం కూడా ప్రసారమయ్యేవి కాబట్టి అవి నిర్ణీత గంటలోనే ఆడదగినవి. 2000 జూన్‌లో ప్రసారాలు ముగిశాక మిగిలింది వినియోగదారుల మెమొరీ ప్యాకుల్లో చెరిపివేయకుండా ఉండిపోయిన సమాచారం మాత్రమే. సేకర్తలు జపాన్ పాత వస్తువుల అంగళ్లలో ఈ ప్యాకులను కొని, లోపల ఏముందో చదివి, ఒక్కో ఆటను వెలికితీశారు. గొంతుల భాగం మాత్రం ఆనాడు ఎవరైనా విడిగా టేపులో రికార్డు చేసుకుని ఉంటేనే మిగిలింది. 2009లో బ్రెజిల్‌లో క్వాల్‌కామ్, టెక్‌టాయ్ సంస్థలు కలిసి తెచ్చిన జీబో కన్సోల్ మొబైల్ నెట్‌వర్కు ద్వారానే ఆటలు అందించింది. 2011లో ఆ సేవ ముగియగానే అప్పటికే యంత్రాల్లో దిగుమతి చేసుకున్న ఆటలు తప్ప కొత్తగా పొందే దారి మూసుకుపోయింది.

ఇక సరిహద్దుల సంగతి. పిక్చర్ ట్యూబుల కాలంలో అమెరికా, జపాన్ టెలివిజన్లు ఎన్‌టీఎస్‌సీ ప్రమాణంలో సెకనుకు 60 సార్లు తెరను నింపగా, భారతదేశం, యూరప్‌లోని అధికభాగం పాల్ ప్రమాణంలో 50 సార్లు నింపేవి. అందువల్ల ఒకచోటి కన్సోల్ మరోచోటి టెలివిజన్‌లో నలుపు తెలుపుగానో, దొర్లుతూనో కనిపించేది. దీనికి తోడు విద్యుత్తు వోల్టేజీ భేదం ఉండనే ఉంది. నింటెండో 1985లో అమెరికాకు తెచ్చిన ఎన్‌ఈఎస్ కన్సోల్‌లో 10ఎన్‌ఈఎస్ అనే తాళం చిప్పును అమర్చి, అనుమతి లేని కార్ట్రిడ్జ్‌లు నడవకుండా చేసింది. జపాన్ ఫ్యామికామ్ కార్ట్రిడ్జ్‌కు 60 పిన్నులుండగా అమెరికా కార్ట్రిడ్జ్‌కు 72 ఉండడంతో భౌతికంగా కూడా ఒకటి మరొకదానిలో పట్టదు. ఈ గోడల వల్ల ఒకచోట సర్వసాధారణమైనది మరోచోట అపురూపమైంది. అమెరికా, జపాన్‌లలో నింటెండో ముందు నిలవలేకపోయిన సెగా మాస్టర్ సిస్టమ్ బ్రెజిల్‌లో టెక్‌టాయ్ సంస్థ చేతిలో దశాబ్దాలపాటు అమ్ముడుపోయింది. ఆ దేశపు బాలల కామిక్స్ పాత్ర మోనికాతో వచ్చిన ఆటల వంటివి అక్కడ తప్ప మరెక్కడా విడుదల కాలేదు.

నింటెండో అడుగుపెట్టని దేశాలను తైవాన్, చైనాల్లో తయారైన ఫ్యామికామ్ నకళ్లు నింపాయి. సాంకేతిక పరిభాషలో వీటిని క్లోన్లు అంటారు. మాస్కోకు చెందిన స్టీప్లర్ సంస్థ 1992 చివరలో ‘డెండీ’ పేరుతో వీటిని అమ్మి రష్యాలో ఇంటింటి పేరుగా చేసింది, పోలండ్‌లో ‘పెగాసస్’ ఆ స్థానం పొందింది. భారతదేశంలో 1990లలో ‘సమురాయ్’ మొదలుకొని ఎన్నో పేర్లతో ఇవి చలామణీ అయ్యాయి. మద్యం వ్యాపారంలో పేరొందిన షా వాలెస్ సంస్థ అదే దశాబ్దం మధ్యలో సెగా కన్సోళ్లను అధికారికంగా ఇక్కడ అమ్మింది. కానీ మధ్యతరగతికి అందుబాటులో ఉన్నది క్లోనే. తెలుగు పట్టణాల ఎలక్ట్రానిక్ దుకాణాల్లో టీవీ వీడియో గేమ్‌గా అమ్ముడైన ఈ పెట్టెలకు కార్ట్రిడ్జ్‌లను క్యాసెట్లుగానే పిలిచేవారు. క్యాసెట్ అట్టమీద వేల ఆటలున్నట్లు అంకె వేసి, లోపల పదో ఇరవయ్యో ఆటలనే పేరు మార్చి, మొదలయ్యే దశ మార్చి తిప్పితిప్పి చూపేవారు.

పాత కన్సోళ్ల సేకరణ ఒక వ్యవస్థగా రూపుదిద్దుకున్నది 1990లలో. ఇందులో మొదటి తరం అమెరికాలోని పాత సామాన్ల సంతల్లో, ఇంటి ముంగిట జరిగే అమ్మకాల్లో అటారీ కార్ట్రిడ్జ్‌లు వెతికి, తాము కనుగొన్నవాటి జాబితాలను ‘డిజిటల్ ప్రెస్’ వంటి చిరుపత్రికల్లో ప్రచురించుకుంది. ఏ ఆటలు వెలువడ్డాయో తయారీ సంస్థల దగ్గరే పూర్తి లెక్క లేని రోజుల్లో, ఒక్కో ఆటకు అరుదు స్థాయిని అంకెలతో సూచించిన ఆ జాబితాలే తర్వాతి పరిశోధనకు పునాది అయ్యాయి. 1995లో మొదలైన ఈబే వేలం ఊరి సంతను ప్రపంచ సంతగా మార్చి, వస్తువు ఎంత అరుదైనదో అందరికీ ఒకేసారి తెలియజేయడంతో ధరలకు ఒక కొలమానం ఏర్పడింది. 1999 నుంచి లాస్ వెగాస్‌లో జరిగిన క్లాసిక్ గేమింగ్ ఎక్స్‌పో సేకర్తలను పాత తరం రూపకర్తలతో ముఖాముఖి కలిపింది. జపాన్‌లో పాత ఆటల పునర్విక్రయం చెల్లదంటూ తయారీదారులు వేసిన దావాలు 2002లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోవడంతో అక్కడి పాత వస్తువుల వ్యాపారానికి చట్టబద్ధత స్థిరపడింది. టోక్యోలోని అకిహబరా వీధుల్లోని దుకాణాలు, పనిచేస్తుందన్న హామీ లేకుండా ‘జంక్’ చీటీతో అమ్మే బుట్టలు విదేశీ సేకర్తలకు గమ్యాలయ్యాయి.

ధరలకు పరాకాష్ఠ అసలు విడుదలే కాని యంత్రం విషయంలో కనిపించింది. సూపర్ ఫ్యామికామ్‌కు కాంపాక్ట్ డిస్కు జోడించేందుకు సోనీ, నింటెండో కలిసి చేసిన ప్రయత్నం 1991లో బెడిసికొట్టింది. సోనీ తమ ఉమ్మడి యంత్రాన్ని షికాగో ప్రదర్శనలో ప్రకటించిన మరునాడే నింటెండో ఫిలిప్స్‌తో ఒప్పందాన్ని ప్రకటించింది. ఆ తెగతెంపుల ఫలితమే సోనీ సొంతంగా 1994 డిసెంబరులో తెచ్చిన ప్లేస్టేషన్. ఉమ్మడి యంత్రం నమూనాలు సుమారు 200 తయారై నాశనమయ్యాయని చెప్పుకునేవారు. వాటిలో ఒకటి 2015లో అమెరికాలో బయటపడి, 2020 మార్చిలో హెరిటేజ్ సంస్థ వేలంలో 3,60,000 డాలర్లు పలికింది. దాని డిస్కు విభాగానికంటూ విడుదలైన ఆట ఒక్కటీ లేదు. జరగని ఒక చరిత్రకు భౌతిక సాక్ష్యం కావడమే దాని విలువ.

సొంతం చేసుకోవడంతో సేకర్త పని ముగియదు. 1980ల చివర, 1990ల మొదట్లో వాడిన కొన్ని రకాల కెపాసిటర్లు, అంటే విద్యుదావేశాన్ని నిల్వచేసి సరఫరాను నిలకడగా ఉంచే చిన్న డబ్బాలు, కాలం గడిచేకొద్దీ లోపలి ద్రవాన్ని కార్చి సర్క్యూట్ బోర్డు మీది రాగి దారులను తినేస్తాయి. సెగా గేమ్ గేర్, ఎన్‌ఈసీ టర్బోడ్యూయో, లేజర్‌యాక్టివ్ ఈ జబ్బుకు పేరుపడ్డవి. వర్చువల్ బాయ్‌లో తెరలకు వెళ్లే పట్టీ తీగను టంకంతో కాక జిగురుతో అతికించడంతో, ఆ జిగురు పట్టు వదిలి బొమ్మ గీతలుగా చీలిపోతుంది. దాన్ని టంకం వేసి అతికించడం ఇప్పుడు స్థిరపడిన మరమ్మతు. బూడిదరంగు ప్లాస్టిక్ పెట్టెలు పసుపెక్కడానికి నిప్పంటుకోకుండా కలిపిన బ్రోమిన్ రసాయనాలు ప్రధాన కారణమని భావిస్తారు. 2008లో ప్రచారంలోకి వచ్చిన రెట్రోబ్రైట్ పద్ధతిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలోనో అతినీలలోహిత కాంతిలోనో ఉంచితే ఆ పసుపు విరిగిపోతుంది గానీ మళ్లీ రాదన్న హామీ లేదు. ఇక్కడ పురావస్తు సంరక్షణలో ఉన్న పాత వివాదమే ఎదురవుతుంది: అసలు భాగాలను ముట్టకుండా పనిచేయని యంత్రాన్ని నిలపడమా, కొత్త భాగాలు వేసి నడిచే యంత్రాన్ని నిలపడమా అన్నదానికి సేకర్తల్లో ఏకాభిప్రాయం లేదు. పాత భాగాలను పారేయకుండా సంచిలో కట్టి యంత్రంతోపాటు ఉంచడం చాలామంది పాటించే మధ్యేమార్గం.

యంత్రం నిలిచినా చిప్పులోని సమాచారం చెదిరిపోవచ్చు. ముఖ్యంగా విడుదలకు ముందటి నమూనాల్లో వాడిన ఈప్రామ్ చిప్పుల్లో విద్యుదావేశ రూపంలో ఉండే సమాచారం దశాబ్దాల్లో కారిపోతుంది. అందువల్ల చిప్పులోని సమాచారాన్ని మొత్తం చదివి ఫైలుగా భద్రపరచడం, అంటే ‘డంప్’ చేయడం, సేకరణలో ఒక నైతిక బాధ్యతగా రూపొందింది. అపురూపమైన నమూనాను కొని డంప్ చేయనివ్వకుండా దాచుకుంటే దాని విలువ నిలుస్తుందనే వాదనకు, చిప్పు చెడితే ఎవరికీ ఏమీ మిగలదనే ప్రతివాదం ఎప్పుడూ ఉంది. ఇలా భద్రపరచిన ఫైళ్లను నేటి కంప్యూటర్లో నడిపే ఎమ్యులేటర్ ప్రోగ్రాములు చట్టపరంగా వివాదాస్పదమే. అయినా అమెరికాలో వెలువడిన పాత ఆటల్లో 87 శాతం వాణిజ్యపరంగా ఎక్కడా దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో జరిపిన అధ్యయనం తేల్చినప్పుడు, సేకర్తల బీరువాలు, రోచెస్టర్‌లోని స్ట్రాంగ్ మ్యూజియం, బెర్లిన్‌లోని కంప్యూటర్ ఆటల మ్యూజియం వంటి కొద్ది సంస్థలే ఈ చరిత్రకు ఆధారమన్న సంగతి స్పష్టమైంది.

ఈ చరిత్ర అంతటినీ బట్టి చూస్తే, సేకరణ ఇంతవరకు కాపాడింది వైఫల్యానికి పేరున్న వస్తువులను. వర్చువల్ బాయ్ విఫలమైందని ప్రపంచానికి తెలుసు కాబట్టే దాన్ని వెతికేవారున్నారు. పేరే లేని వస్తువులకు ఆ అదృష్టం లేదు. భారతదేశంలో, అందులోనూ తెలుగు ప్రాంతాల్లో, వీడియో గేమ్ అనుభవాన్ని నిర్మించిన క్లోన్లు వేలంపాటల జాబితాల్లోకి ఎక్కవు. చవకగా కొన్నవి కాబట్టి జాయ్‌స్టిక్ చెడగానే పాత సామాన్లవాళ్లకు చేరాయి. పెద్ద సంస్థల ఆటలకూ ఇక్కడ అదే గతి పట్టవచ్చు. హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ రూపొందించగా 2009లో ప్లేస్టేషన్ 2 కోసం విడుదలైన ‘హనుమాన్: బాయ్ వారియర్’ పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి ప్లేస్టేషన్ ఆటగా పేరొందింది. 15 కోట్లకు పైగా అమ్ముడైన ఆ కన్సోల్ ఇప్పటికీ సులభంగా దొరికేదే. ఇక్కడి విపణిని ఉద్దేశించి వచ్చిన ఆ డిస్కు మాత్రం, కన్సోల్‌ను సంఖ్యతో కొలిచే దృష్టికి ఆనదు.

కాబట్టి ఈ ప్రాంతపు సేకర్త ముందున్న పని విదేశీ జాబితాలను పూర్తి చేయడం కన్నా భిన్నమైనది. ఒక సమురాయ్ పెట్టెమీద ముద్రించిన దిగుమతిదారు పేరు, దుకాణం అంటించిన ధర చీటీ, వారంటీ కార్డు, బోర్డు మీది చిప్పుల సంఖ్యలు, క్యాసెట్‌లో నిజంగా ఉన్న ఆటల జాబితా, ఇవి ఏ కంపెనీ దస్తావేజుల్లోనూ భద్రంగా లేవు. వీటిని నమోదు చేయడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు, ఫొటో తీసి, తేదీ, ఊరు రాసి, క్యాసెట్‌ను డంప్ చేస్తే చాలు. ఓడిన యంత్రాలను వెతికి నిలబెట్టిన పద్ధతినే, గెలిచీ లెక్కలోకి రాని ఈ యంత్రాలకు కూడా వర్తింపజేసినప్పుడే ఇక్కడి వీడియో గేముల చరిత్ర రాయడానికి ఆధారాలు ఏర్పడతాయి.